పెంగ్విన్‌ను చూసొచ్చే ఖర్చులో పెంగ్విన్ వాటా ఎంత?

పుల్లలచెరువులో బస్సెక్కి, స్వేచ్ఛగా తిరిగే పెంగ్విన్లను వాటి సొంత ఒడ్డున చూసి, మళ్లీ పుల్లలచెరువులో దిగడానికి ఒక మనిషికి సుమారు లక్షా 15 వేల రూపాయలు అవుతుంది. అదీ జాగ్రత్తగా వెళ్తేనే. మెల్‌బోర్న్‌లో మన పిల్లలెవరైనా ఉండి వాళ్లింట్లోనే దిగితే 95 వేలలో తేలిపోతుంది. టీవీలో చూపించే మంచు ఖండానికే వెళ్లాలంటే 8 లక్షలకు తక్కువ కాదు. చేతి డబ్బు పెట్టకుండా, ఎదురు జీతం తీసుకుంటూ పెంగ్విన్లను చూసే దారి కూడా ఒకటుంది. దాన్ని చివర్లో చెబుతాను. పశ్చిమ ప్రకాశం కుర్రాళ్లకు అన్నిటికన్నా పనికొచ్చేది అదే.

లక్షా 15 వేలంటే మన వైపు చిన్న మొత్తం కాదు. 800 అడుగుల బోరు వేయిస్తే దగ్గర దగ్గర అంతే అవుతుంది, నీళ్లు పడినా పడకపోయినా. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఆ లెక్కన ఈ ప్రయాణం దాదాపు 375 రోజుల కూలి. కాబట్టి ఇది అందరికీ అందే ఖర్చని నేను అనను. నెలకు 5 వేలు పక్కన పెట్టగలిగిన టీచరుకో, చిరు వ్యాపారికో, ఉద్యోగికో 23 నెలల్లో సమకూరుతుంది. కొడుకో కూతురో మెల్‌బోర్న్‌లో ఉన్న ఇంట్లో ఇంకా ముందే కుదురుతుంది. ఈ కథనం ముఖ్యంగా వాళ్ల కోసం. అట్లాసు ముందేసుకుని పెంగ్విన్ ఎక్కడుంటుందని అడిగే పిల్లల కోసం కూడా.

ముందు ఆ పిల్లల ప్రశ్నకే వద్దాం. పెంగ్విన్ అనగానే మంచుగడ్డ గుర్తుకొస్తుంది. ఖర్చు లక్షలకు పెరిగేది అక్కడే. ప్రపంచంలో పెంగ్విన్ జాతులు 18 దాకా లెక్కిస్తారు. అంటార్కిటికా నేల మీద గూళ్లు పెట్టేవి వాటిలో కొన్నే. మిగతావి దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, చిలీ, పెరూ, అర్జెంటీనా తీరాల్లోనూ దక్షిణ సముద్రాల దీవుల్లోనూ బతుకుతాయి. గాలాపగోస్ దీవుల పెంగ్విన్ అయితే సరిగ్గా భూమధ్యరేఖ మీదే ఉంటుంది. పుల్లలచెరువు ఉన్నది సుమారు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. అంటే భూమధ్యరేఖకు మనకన్నా దగ్గరగా ఉండే పెంగ్విన్ కూడా ఉందన్నమాట.

పెంగ్విన్‌కు కావలసింది మంచు కాదు, చల్లటి నీళ్లూ వాటిలో దండిగా చేపలూ. దక్షిణాఫ్రికా పడమటి తీరం వెంట బెంగ్వెలా అనే చల్లటి ప్రవాహం దక్షిణం నుంచి పైకి వస్తుంది. దానితో పాటు అడుగునున్న నీళ్లు పైకి లేస్తాయి. ఆ నీళ్లలో ఉన్న పోషకాల మీద నాచు, దాని మీద సూక్ష్మజీవులు, వాటి మీద సార్డిన్, ఆంచొవీ గుంపులు, ఆ గుంపుల మీద పెంగ్విన్లు. ఒంగోలు దగ్గర కొత్తపట్నం బీచిలో దిగితే నీళ్లు గోరువెచ్చగా తగులుతాయి. ఎండాకాలంలో బంగాళాఖాతం పైనీళ్లు 28 నుంచి 30 డిగ్రీలు ఉంటాయి. కేప్‌టౌన్ అట్లాంటిక్ వైపు నీళ్లు వేసవిలో కూడా 15 డిగ్రీలు దాటని రోజులు చాలా ఉంటాయి. బయట మాత్రం మనకు అలవాటైన ఎండే. చలికోటు కొనే ఖర్చు లేకుండా పెంగ్విన్‌ను చూడగలిగేది అందుకే.

ఇప్పుడు కేప్‌టౌన్ లెక్క. పుల్లలచెరువు నుంచి ఎర్రగొండపాలెం, అక్కడి నుంచి మాచర్ల, నాగార్జునసాగర్ మీదుగా హైదరాబాదు, ఆపైన శంషాబాదు. రానూపోనూ తిండితో కలిపి 2 వేలు. కొత్త పాస్‌పోర్టుకు మామూలు రుసుం 1,500. తత్కాల్ అయితే ఇంకో 2 వేలు ఎక్కువ, ముందుగా మేల్కొంటే ఆ అవసరం రాదు. వీసా పని, సర్వీసు చార్జీలు, ప్రయాణ బీమా కలిపి 6 వేలు వేసుకుందాం. విమానం టికెట్ రానూపోనూ 60 నుంచి 90 వేల మధ్య ఊగుతుంది, మధ్యస్థంగా 75 వేలు. ఆరు రాత్రులు హాస్టల్‌లో మంచం, రాత్రికి 2 వేల చొప్పున 12 వేలు. ఏడు రోజుల తిండి 10,500, అదీ కొంత మనమే వండుకుంటే. అక్కడ తిరుగుడుకు 6 వేలు. పెంగ్విన్లున్న రెండు చోట్ల ప్రవేశ రుసుం కలిపి 1,500. మొత్తం 1,14,500. దక్షిణాఫ్రికా ర్యాండు మన డబ్బులో సుమారు 5 రూపాయలు కాబట్టి తిండి, మంచం ఖర్చులు మరీ భయపెట్టవు. టికెట్ 60 వేలకు దొరికిన రోజున మొత్తం లక్షలోపే ఆగుతుంది.

ఈ మొత్తాన్ని వంద రూపాయలుగా చేసి చూడండి. అందులో 65 రూపాయల పైచిలుకు విమానానిది. 20 రూపాయలు మంచం, తిండి. 13న్నర రూపాయలు పాస్‌పోర్టు, వీసా, బీమా, బస్సులు, తిరుగుడు. మనం ఎవర్ని చూడటానికి వెళ్లామో ఆ పక్షి ఉన్న చోటికి చేరేది రూపాయి ముప్పై పైసలు. తక్కువ ఖర్చు ప్రయాణమంటే చాలామంది ప్రవేశ రుసుం ఎక్కడ మిగులుతుందా అని వెతుకుతారు. కంచె లేని చోటు, టికెట్ లేని గట్టు, ఎవరూ కాపలా లేని బీచి కావాలంటారు. నా అభిప్రాయంలో తగ్గించకూడని ఖర్చు అదొక్కటే. ఎందుకో చెప్పాలంటే ఆ పక్షి పరిస్థితి చెప్పాలి.

కేప్‌టౌన్ నగరం నుంచి 40 కిలోమీటర్ల దూరంలో సైమన్స్ టౌన్ అనే నౌకాదళ పట్టణం ఉంది. దాన్ని ఆనుకుని పెద్ద పెద్ద గుండ్రాళ్లతో ఉన్న ఒడ్డు బౌల్డర్స్ బీచ్. 1982లో రెండు జంటల ఆఫ్రికన్ పెంగ్విన్లు అక్కడికి వచ్చి గూళ్లు పెట్టాయి. పక్కన ఇళ్లు, రోడ్డు, కార్లు ఉన్నా పోలేదు. ఆ రెండు జంటలే పెరిగి ఒక దశలో 3 వేల పక్షుల దాకా చేరాయి. ఇప్పుడు ఆ చోటు టేబుల్ మౌంటెన్ జాతీయ పార్కులో భాగం. చెక్క వంతెన మీద నడుస్తూ పోతే కిందనే, చెయ్యి చాస్తే అందేటంత దూరంలో గూళ్లు కనబడతాయి. చెయ్యి చాచకండి. దాని ముక్కు చేపను కత్తిరించడానికి తయారైనది, వేలిని వదలదు. కారులో వెళ్లినవాళ్లు బయల్దేరే ముందు చక్రాల కింద వంగి చూడాలని అక్కడ బోర్డులుంటాయి. నీడ కోసం పెంగ్విన్లు కార్ల కింద దూరతాయి మరి.

ఇంత దగ్గరగా కనబడుతున్నాయి కదా, చాలానే ఉండి ఉంటాయనుకుంటాం. 2024 అక్టోబరులో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఆఫ్రికన్ పెంగ్విన్‌ను అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. గుడ్లు పెట్టే జంటలు ప్రపంచం మొత్తం మీద 10 వేలకన్నా తక్కువే మిగిలాయి. గత వందేళ్లలో 90 శాతానికి పైగా పోయాయి. ముందు ఎరువు కోసం వాటి రెట్టల పొరలను గోకేశారు. అవి గూళ్లు తవ్వుకునేది ఆ పొరల్లోనే కాబట్టి గుడ్లు ఎండకు బయటపడ్డాయి. 1960ల దాకా గుడ్లను తినడానికి ఏరుకుపోయారు. తరువాత తిండే కరువైంది. పెంగ్విన్ ఏడాదికోసారి ఈకలన్నీ ఒక్కసారే రాలుస్తుంది. కొత్త ఈకలు వచ్చే ఆ మూడు వారాలూ దానికి నీళ్లలో దిగే వీల్లేదు, అంటే పస్తే. ముందే కడుపారా తిని కొవ్వు పట్టించుకోవాలి. ఆ సమయానికి సార్డిన్ దొరక్కపోతే ఆ మూడు వారాలు గడవవు. సార్డిన్, ఆంచొవీలు పెంగ్విన్‌కూ కావాలి, చేపల కంపెనీలకూ కావాలి. ఆ తగాదా కోర్టుకెక్కి 2025 మార్చిలో రాజీ కుదిరింది. డాసెన్ దీవి, రాబెన్ దీవి, స్టోనీ పాయింట్ వంటి ఆరు ముఖ్యమైన స్థావరాల చుట్టూ పదేళ్లపాటు ఆ చేపల వేటకు కంపెనీలను దూరంగా ఉంచాలన్నది కోర్టు ఉత్తర్వు.

కాపాడటానికి ఎంత మనిషి శ్రమ పడుతుందో 2000 సంవత్సరం చూపించింది. ఆ జూన్ 23న ట్రెజర్ అనే ఓడ కేప్‌టౌన్ దగ్గర మునిగి చమురు ఒలికింది. ఒంటికి చమురు అంటిన పెంగ్విన్లు 19 వేలు. ఒక్కొక్కదాన్నీ పట్టుకుని, కడిగి, చేత్తో చేప తినిపించి ఆరబెట్టారు. చమురు అంటని మరో 19,500 పక్షులను లారీల్లో ఎక్కించి 800 కిలోమీటర్ల అవతల పోర్ట్ ఎలిజబెత్ దగ్గర సముద్రంలో వదిలారు. అవి ఈదుకుంటూ ఇల్లు చేరేలోగా అక్కడ చమురు తీసేయాలన్నది ఉపాయం. వాటిలో పీటర్, పమేలా, పెర్సీ అనే మూడింటికి ఉపగ్రహ పరికరాలు కట్టి, అవి తీరం వెంట ఇంటికి ఈదుకొస్తుంటే జనం రోజూ పత్రికల్లో చూశారు. చమురంటిన వాటిలో నూటికి 90 దాకా బతికాయి. వేలమంది వాలంటీర్లు జీతం లేకుండా చేసిన పని ఇది. ఇంతా చేసినా ముప్పు తీరలేదు. 2021 సెప్టెంబరులో సైమన్స్ టౌన్ దగ్గర తేనెటీగలు కుట్టి 63 పెంగ్విన్లు ఒకేసారి చనిపోయాయి. పదివేల జంటలు కూడా లేని జాతికి 63 కూడా లెక్కే. మన వందలో ఆ రూపాయి ముప్పై పైసలు వెళ్లేది ఆ పక్షులుండే చోట్లకే.

బౌల్డర్స్‌లో విదేశీయులకు రుసుం 200 ర్యాండ్ల పైన ఉంటుంది, ఏటా సవరిస్తారు. అది మరీ భారమనిపిస్తే కేప్‌టౌన్‌కు 90 కిలోమీటర్ల దూరంలో బెట్టీస్ బే అనే ఊళ్లో స్టోనీ పాయింట్ ఉంది. ఒకప్పుడు తిమింగలాలను కోసిన చోటు అది. ఇప్పుడక్కడ పెంగ్విన్లు గుడ్లు పెడుతున్నాయి. రుసుం చాలా తక్కువ, జనం కూడా తక్కువ. కాకపోతే రైలు లేదు, నలుగురు కలిసి కారు మాట్లాడుకోవాలి. బౌల్డర్స్‌కు మాత్రం కేప్‌టౌన్ నుంచి సైమన్స్ టౌన్ దాకా లోకల్ రైలు ఉంది, చార్జీ స్వల్పం. స్టేషన్ నుంచి నడిచే పోవచ్చు. వెళ్లేదీ వచ్చేదీ పగటిపూట అయ్యేలా చూసుకోండి.

కాలం మన వైపే ఉంది. మన వేసవి సెలవుల ఏప్రిల్, మే నెలలు అక్కడ శరదృతువు. పెంగ్విన్లు గూళ్ల మీద ఉండే కాలం, పిల్లలు కూడా కనబడతాయి. పర్యాటకులు ఎగబడే డిసెంబరు, జనవరి కాదు కాబట్టి మంచాల రేట్లు దిగుతాయి. టికెట్ విషయంలో ఒక జాగ్రత్త. అడిస్ అబాబా, నైరోబీ మీదుగా వెళ్లే విమానాలు తరచు చవకగా దొరుకుతాయి. ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ 2025లో హైదరాబాదు నుంచే విమానాలు మొదలుపెట్టింది. కానీ ఆ దేశాల విమానాశ్రయాల్లో 12 గంటలకు మించి ఆగితే దక్షిణాఫ్రికా ఎల్లో ఫీవర్ టీకా పత్రం అడుగుతుంది. టికెట్ మీద మిగిలిన డబ్బు ఆ టీకాకు, దాని తిరుగుడుకు పోతుంది. మధ్యలో ఆగే సమయం చూసుకునే కొనండి. వీసా చేతికి రాకముందు డబ్బు వెనక్కి రాని టికెట్ కొనకండి. ట్రావెల్స్ వారి ప్యాకేజీ తీసుకుంటే టీసీఎస్ అనే పన్ను కొంత పట్టుకుంటారు. అది పోయిన డబ్బు కాదు, ఆదాయపన్ను రిటర్ను వేసి సర్దుబాటు చేసుకోవచ్చు. ఊళ్లో చాలామంది దాన్ని వదిలేస్తున్నారు.

ఇక మెల్‌బోర్న్. నిజానికి మనవాళ్లలో పెంగ్విన్లను చూసొచ్చినవారు ఎక్కువమంది చూసింది అక్కడే. 2021 జనాభా లెక్కల ప్రకారం ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 59 వేల పైచిలుకు. ఐదేళ్ల ముందు 34 వేలు. ఆ పెరుగుదల వెనక ఉన్నవాళ్లంతా ఏదో ఒక ఏడాది అమ్మానాన్నలను పిలిపించుకుంటారు. పిలిపించుకున్నవాళ్లు ఒక శనివారం 140 కిలోమీటర్ల అవతల ఫిలిప్ దీవికి తీసుకెళ్తారు. లెక్క ఇలా ఉంటుంది: పాస్‌పోర్టు, బస్సులు 3,500. సందర్శకుల వీసా సుమారు 200 ఆస్ట్రేలియా డాలర్లు, మనకు 12 వేలు. బీమా 5 వేలు, వయసు మీరితే ఎక్కువ. విమానం 70 వేలు. దీవిలో టికెట్ 30 డాలర్ల పైచిలుకు, 2 వేలు. కారు పెట్రోలు 2 వేలు. మొత్తం 94,500. మంచం, తిండి కూతురింట్లోనే. హైదరాబాదు నుంచి నేరుగా విమానం లేదు. సింగపూర్‌లోనో కౌలాలంపూర్‌లోనో మారాలి. భాష రాని పెద్దవాళ్లకు టికెట్ కొనేటప్పుడే వీల్‌చైర్ సాయం అడిగి పెట్టండి. దానికి అదనపు డబ్బు లేదు, తోడుగా ఒక మనిషి వచ్చి రెండో విమానం దాకా దిగబెడతాడు.

ఫిలిప్ దీవిలో ఉండేది ప్రపంచంలోకెల్లా చిన్న పెంగ్విన్. ఎత్తు 33 సెంటీమీటర్లు, బరువు కిలో, కిలోన్నర. సుమారు 40 వేల పక్షులున్నాయి. పగలంతా సముద్రంలో వేటాడి, చీకటి పడగానే గుంపులు గుంపులుగా ఒడ్డెక్కి గూళ్లకు నడుస్తాయి. వాటిని చూడటానికి మెట్ల మీద కూర్చుంటారు. ఫోన్లు, కెమెరాలు పూర్తిగా నిషేధం, ఎందుకంటే చీకటికి అలవాటైన ఆ కళ్లు ఫ్లాష్ వెలుగుకు బెదిరిపోతాయి. ఫొటో లేకుండా ఇంటికి రావడం కష్టంగా ఉంటుందేమో గానీ, ఆ నియమం సరైనదే. అంతకన్నా పెద్ద విషయం ఆ దీవి చరిత్ర. సమ్మర్‌లాండ్ అనే చోట పెంగ్విన్ల గూళ్ల మధ్యే జనం ఇళ్లు కట్టుకున్నారు. కుక్కలు, కార్లు, నక్కల వల్ల పక్షులు తగ్గిపోతుంటే 1985లో విక్టోరియా ప్రభుత్వం ఆ ఇళ్లనూ స్థలాలనూ డబ్బిచ్చి కొనడం మొదలుపెట్టింది. చివరి ఇల్లు కొనేసరికి 2010 అయింది. పాతికేళ్లు ఓపిక పట్టి ఒక కాలనీ స్థలాన్ని మొత్తం పెంగ్విన్లకు తిరిగి అప్పగించారు. ఈ రోజు మెట్ల మీద కూర్చుని చూసే 40 వేల పక్షుల వెనక ఆ ఖర్చుంది.

మెల్‌బోర్న్ నగరంలోనే సెయింట్ కిల్డా గట్టు మీద ఉచితంగా చూడొచ్చని పాత ఫొటోలు చూసి చెబుతుంటారు. పునర్నిర్మాణం పేరుతో పెంగ్విన్లను చూసే ఆ భాగం మూతపడి చాలాకాలమైంది. ముందు కనుక్కోకుండా వెళ్లి తిరిగి రావద్దు. ఇంకో మాట, సామాను గురించి. ఆవకాయ, కారప్పొడి, నెయ్యి, విత్తనాలు ఏది పట్టుకెళ్లినా ఆస్ట్రేలియా దిగగానే ఇచ్చే కాగితంలో రాయాలి. రాస్తే పోయేదేమీ లేదు, మహా అయితే ఒకటి రెండు తీసేసుకుంటారు. దాస్తే వేల డాలర్ల జరిమానా. అంతవరకూ లెక్క పెట్టిందంతా అక్కడ ఆవిరైపోతుంది.

అంటార్కిటికా ఓడల గురించి క్లుప్తంగా. అర్జెంటీనా కొసన ఉన్న ఉషుయాయా నుంచి నవంబరు నుంచి మార్చి దాకా ఓడలు వెళ్తాయి. పదిరోజుల యాత్రకు చవకగా దొరికినా 5, 6 వేల అమెరికా డాలర్లు. అక్కడిదాకా విమానం ఖర్చు వేరే. ఒక చోట ఒకేసారి వందమందికి మించి ఒడ్డున దింపరు. పక్షికి 5 మీటర్ల దూరం పాటించాలి. మధ్యతరగతి ఇంటివాళ్లు అప్పు చేసి వెళ్లాల్సిన యాత్ర కాదిది. పెంగ్విన్‌ను మంచు మీద చూసినా గుండ్రాయి మీద చూసినా అది పెంగ్వినే. ఇక పిల్లలకు ఒకసారి చూపిస్తే చాలనుకుంటే ముంబయి బైకుల్లా జూలో 2016లో సియోల్ నుంచి తెచ్చిన హంబోల్ట్ పెంగ్విన్ల కుటుంబం ఉంది. ఏసీ గదిలో, అద్దం వెనక. నేను చెబుతున్నది స్వేచ్ఛగా ఉన్నవాటి గురించి కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఇప్పుడు ఎదురు జీతమిచ్చే దారి. మన దేశం 1981-82 నుంచి అంటార్కిటికాకు శాస్త్ర యాత్రలు పంపుతోంది. 1989లో కట్టిన మైత్రి, 2012లో మొదలైన భారతి అనే రెండు కేంద్రాలు అక్కడ పనిచేస్తున్నాయి. నడిపేది గోవాలోని వాస్కో డ గామాలో ఉన్న ఎన్‌సీపీఓఆర్, అంటే జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం. అక్కడికి వెళ్లేది శాస్త్రవేత్తలే అనుకుంటాం. జనరేటరు తిప్పే మెకానిక్, వాహనాల ఎలక్ట్రీషియన్, వెల్డర్, క్రేన్ ఆపరేటర్, వడ్రంగి, వంటమనిషి, నర్సు, డాక్టరు లేకుండా ఆ కేంద్రాలు ఒక్కరోజు నడవవు. ఆ పనులకు ఎన్‌సీపీఓఆర్ కాంట్రాక్టు పద్ధతిలో ప్రకటనలిచ్చి ఇంటర్వ్యూలు పెట్టి తీసుకుంటుంది. వేసవి జట్టు కొన్ని నెలలకు, శీతాకాలపు జట్టు ఏడాది పైన ఉండేలా వెళ్తాయి. ఎంపికైనవారికి వైద్య పరీక్షలు, ఉత్తరాఖండ్‌లోని ఔలీలో మంచు మీద శిక్షణ ఉంటాయి. చాలా యాత్రలు బయల్దేరేది మళ్లీ కేప్‌టౌన్ నుంచే. మైత్రి సముద్రానికి వంద కిలోమీటర్లు లోపల కాబట్టి అక్కడికి పెంగ్విన్ రావడం అరుదు. భారతి ఒడ్డునే ఉంది, అడెలీ పెంగ్విన్లు చుట్టుపక్కల తిరుగుతుంటాయి. 2022లో వచ్చిన భారత అంటార్కిటిక్ చట్టం ప్రకారం వాటిని బెదిరించినా, తాకినా నేరమే. ఇది విహారం కాదు, కష్టమైన ఉద్యోగం. శీతాకాలంలో వారాల తరబడి సూర్యుడు కనబడని చీకటి ఉంటుంది. ఇంటివాళ్లను ఒప్పించాలి.

మార్కాపురం, ఎర్రగొండపాలెం, గిద్దలూరు వైపు డీజిల్ మెకానిక్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ ట్రేడుల్లో ఐటీఐ సర్టిఫికెట్ తీసుకుని, బెంగళూరులోనో హైదరాబాదులోనో నాలుగేళ్ల అనుభవం సంపాదించినవాళ్లు మన ఊళ్లలో ఎంతోమంది ఉన్నారు. ఎన్‌సీపీఓఆర్ వెబ్‌సైటులో ఖాళీల పేజీని అప్పుడప్పుడు తెరిచి చూడండి. ప్రకటన పడితే అనుభవ పత్రాలు సిద్ధం చేసుకుని దరఖాస్తు పెట్టండి. ఐటీఐలలో పాఠాలు చెప్పే మాస్టార్లు ఆ ప్రకటనను నోటీసు బోర్డుకు అంటిస్తే ఇంకా మంచిది.